చెమట చుక్క రాలకుండా పచ్చళ్ళ వ్యాపారం

పచ్చళ్ళ వ్యాపారంలో పైకి రావాలనుకుంటున్నారా? సరైన మనిషి దగ్గరికే వచ్చారు. మా అటక మీద మూడు సైన్‌బోర్డులున్నాయి. మూడు పేర్లు, మూడు ప్రారంభోత్సవాలు, మూడుసార్లు కొబ్బరికాయ. ఒక్క బోర్డు కింద ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది? వాడికి తెలిసింది ఒక్క వ్యాపారం. నాకు మూడు తెలుసు.

మా గోదావరి జిల్లాల్లో పచ్చడి అమ్ముకుని బతకడం కొత్తేమీ కాదు. ఉసులుమర్రు పేరు చెబితేనే నోట్లో నీళ్ళూరతాయి. అలాంటి చోట్ల తెల్లారకముందే లేచి కత్తిపీట ముందు కూర్చుంటారు. మనకంత ఖర్మేం పట్టింది? పని తక్కువ ఉండాలి, హోదా ఎక్కువ ఉండాలి, తప్పు ఎప్పుడూ ఎదుటివాడిదే అవ్వాలి. ఈ మూడూ కుదిరేలా నేను వాడి చూసిన చిట్కాలు ఇస్తున్నాను. వరసగా పాటించండి.

1. ముందు కార్డు, తర్వాతే కారం.

ఆవకాయకి పనికొచ్చే కాయ ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. గట్టి కాయ, నిండా పులుపు, టెంక కట్టిన ముక్క. సరిగ్గా ఆ రెండు నెలలూ విజిటింగ్ కార్డు మీద పెట్టండి. 'ప్రొప్రయిటర్' అని వేయించుకోకండి, కిళ్ళీకొట్టాయన కూడా ప్రొప్రయిటరే. 'మేనేజింగ్ డైరెక్టర్' అని వేయించండి. లోగోలో మామిడాకు ఎటు వంగాలన్నది పది రోజులు ఆలోచించండి. ఎమ్మెల్యేగారికి ఖాళీ దొరికేదాకా ప్రారంభోత్సవం ఆపండి. ఆయనకి జూన్‌లో దొరుకుతుంది. అప్పటికి తొలకరి పడి కాయలోకి నీరు దిగుతుంది, పులుపు చస్తుంది, ముక్క నెల తిరక్కుండా మెత్తబడుతుంది. దిగులుపడకండి. కాయ చవగ్గా వస్తుంది. పైగా మెత్తటి ముక్కని పళ్ళు లేనివాళ్ళు కూడా తినగలరు. మార్కెట్ పెరిగినట్టే కదా!

2. అప్పు పెద్దది తీసుకోండి, కాగితం సగమే చదవండి.

ముద్రా పథకంలో శిశు అంటే 50 వేల దాకా, కిశోర్ అంటే 5 లక్షల దాకా, తరుణ్ అంటే 10 లక్షల దాకా ఇస్తారు. మీ వ్యాపారం ఇంకా పారాడే వయసులో ఉన్నా సరే, తరుణ్‌కే దరఖాస్తు పెట్టండి. కేంద్రం 2020లో మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం ఇంకోటి ఉంది. అందులో యూనిట్ ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ. 'సబ్సిడీ' అన్న మాట దగ్గరే చదవడం ఆపేయండి. ఇంకా కిందికి వెళితే మీ వాటాగా కనీసం 10 శాతం మీరే పెట్టాలనీ, ఆ సబ్సిడీ బ్యాంకులోనే ఉంటుందనీ, మూడేళ్ళు వాయిదాలు తప్పకుండా కట్టి యూనిట్ నడుస్తుంటేనే అప్పులో సర్దుతారనీ రాసి ఉంటుంది. ఇలాంటి వాక్యాలు మనిషి ఉత్సాహాన్ని చంపేస్తాయి.

డబ్బు పడగానే ముక్కలు కొట్టే మిషను, సీసాలు నింపే మిషను, సీలు వేసే మిషను ఒకేసారి కొనేయండి. రోజుకి వంద సీసాలు అమ్మేవాడి షెడ్డులో గంటకి వెయ్యి నింపే మిషను ఎంత చూడముచ్చటగా ఉంటుందో! మాది ఇప్పటికీ ప్లాస్టిక్ కవరు విప్పలేదు. దాని మీద మా ఆవిడ వడియాలు ఆరబెడుతుంది. ఆ రకంగా అది ఆహార రంగంలోనే ఉంది.

3. ఇంటికీ వ్యాపారానికీ ఒకటే జేబు ఉంచండి.

రెండు ఖాతాలు పెట్టుకునేవాడు రెండు ఇళ్ళు పెట్టినవాడితో సమానం. గల్లాపెట్టె నుంచే పాలవాడికి ఇవ్వండి, పిల్లాడి ఫీజు కట్టండి, పెళ్ళి చదివింపులు రాయించండి. గల్లా దగ్గర మాత్రం నమ్మకమైన మనిషి ఉండాలి. నేను మా మేనల్లుణ్ణి పెట్టాను. ఒక రోజు సాయంత్రం వచ్చాడు.

"మావయ్యా, వెయ్యి రూపాయలు తీశాను."

"రాశావా?"

"నీకు చెప్పానుగా మావయ్యా. అదే రాసినట్టు."

ఇంత తేలికైన పద్దు పద్ధతి ఏ కాలేజీలోనూ నేర్పరు. నెలాఖరుకి గల్లాలో ఎంత మిగిలితే అంత లాభం. ఏమీ మిగలకపోతే డబ్బు రొటేషన్‌లో ఉందని అర్థం. మాది ఇప్పటికీ రొటేషన్‌లోనే ఉంది.

4. ధర పక్కవాణ్ణి చూసి కట్టండి.

పక్కవాడు పావుకిలో సీసా 100 అంటే మీరు 90 అనండి. లెక్క అక్కడితో అయిపోయింది. కాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపి మాకు సీసాకి 52 రూపాయలయ్యేది. 90లోంచి 52 తీస్తే 38. నేను ఆ 38ని రోజుకి వంద సీసాలతో, నెలకి ముప్పై రోజులతో, ఏడాదికి పన్నెండు నెలలతో గుణించి కారు ఏ రంగుదో కూడా అనుకున్నాను. మా ఆవిడ పాత క్యాలెండర్ వెనక మళ్ళీ లెక్కేసింది. సీసా, మూత 14. లేబుల్ 3. అట్టపెట్టె 6. కూలి 9. కొట్టువాడి కమిషన్ 18. అన్నీ కూడితే 102. "సీసాకి పన్నెండు రూపాయలు ఎదురిచ్చి పచ్చడి పెడుతున్నామండీ" అంది.

ఇలాంటప్పుడే అసలైన వ్యాపారవేత్త బయటపడతాడు. నేను వెంటనే అమ్మకాలు రెట్టింపు చేశాను.

5. పనితనం తెలిసిన మనిషిని పెట్టుకోండి. ఆవిణ్ణి ఏమీ అడక్కండి, ఏమీ ఇవ్వకండి.

మా షెడ్డులో పచ్చడి కలిపే ఒక పెద్దావిడ ఉండేది. అందరూ పిన్నిగారు అనేవాళ్ళు. ముక్కని పొడిగుడ్డతో తుడిచి, లోపలి జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, గంగాళంలో వేసేది. ఆవపిండి గుప్పిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేది. ఘాటు చాలకపోతే ఆ బస్తా పక్కన పెట్టించేది. మూడో రోజు పొద్దున్నే జాడీల వాసెన విప్పేది. ఊట ఎంత దిగిందో చూసి, అడుగు నుంచి తెడ్డేసి తిరగకలిపి, ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఉప్పు ఒక పిడికెడు తగ్గింది బాబూ" అనేది. ఒక పిడికెడు! యాభై కిలోల గంగాళంలో!

తప్పు అక్కడే జరుగుతుంది, జాగ్రత్త. ఆ పిడికెడు ఎన్ని గ్రాములో తూచి, ఆవిడ చెప్పిన కొలతలన్నీ కాయితం మీద పెట్టారనుకోండి, ఇంకెవరు కలిపినా అదే రుచి వస్తుంది. వ్యాపారం పెరుగుతుంది. పెరిగితే మీరు పొద్దున్నే లేవాలి. కాబట్టి ఆవిడ కొలతలు ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి.

కూలి శనివారం ఇస్తానని చెప్పి సోమవారానికి వెయ్యండి. సోమవారం బ్యాంకు పని ఉందనండి. "మనం మనం ఒక కుటుంబం, పిన్నిగారూ" అనండి. ఇది చాలా బలమైన వాక్యం, దీంతో రెండు వారాలు గడుస్తాయి. పండక్కి చీర బదులు సీలు సరిగ్గా పడని సీసాలు రెండివ్వండి. మూడో రోజు తిరగకలపడం వృథా కూలి అని తీసేయండి. ఆవిడ మీ మొహం వంక ఒకసారి చూసి, తెడ్డు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతుంది. మంచిదే. జీతాల ఖర్చు తగ్గింది.

6. గరిటె తడిగా ఉన్నా పర్వాలేదు.

పెద్దవాళ్ళు పచ్చడి జాడీలో తడి చెయ్యి పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఛాదస్తం. కడిగిన సీసాలు ఎండలో బోర్లించి పూర్తిగా ఆరేదాకా ఆగితే ఒక పూట పోతుంది. లోపల నాలుగు చుక్కలుంటే ఏమవుతుంది? ఉప్పు ముక్కలోంచి నీటిని లాగి, నూనె గాలి తగలకుండా కప్పి, బూజుకి చోటు లేకుండా చేస్తే, మనం ఆ నీటిని మర్యాదగా వెనక్కి పోస్తున్నాం, అంతే. నెలకి సీసా మెడ దగ్గర తెల్లటి పొర కడుతుంది. మొదటిసారి కస్టమరు ఫోటో పంపినప్పుడు నేను కంగారుపడ్డాను. తర్వాత 'ప్రిజర్వేటివ్‌లు లేవనడానికి ఇదే నిదర్శనం' అని లేబుల్ మీద వేయించాను.

7. నూనె తగ్గించండి.

నూనెలో పెట్టే పచ్చడికి నూనె ముక్కల మీద కనీసం అర సెంటీమీటరు తేలాలి, లేదా మొత్తంలో 10 శాతానికి తగ్గకూడదని నిబంధన ఉంది. ఆ అర సెంటీమీటరే మీ లాభం అనుకుని తీసేయండి. పప్పునూనె బదులు పామాయిల్ పోయండి. మా రెండో బోర్డు కాలంలో డిసెంబరు చలికి సీసాల్లో నూనె తెల్లగా పేరుకుంది. ఒకావిడ ఫోన్ చేస్తే "నెయ్యి కలిపామమ్మా, మీకోసం" అని చెప్పాను. ఆవిడ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. అంత సంతృప్తి పడింది.

8. ఎరుపు కొనుక్కోండి, మిరపకాయ కాదు.

రంగుకి వరంగల్ చపాటా, కారానికి గుంటూరు కాయ కలిపి, తొడిమలు తీయించి, ఎండబెట్టి, దగ్గరుండి పట్టించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి వేరే పని లేదు. మీరు బస్తా కారం బేరమాడి కొనండి. అది గోడకి వేసే రంగంత ఎర్రగా ఉంటే ప్రశ్నలు వేయకండి. కారంలో సుడాన్ అనే రంగు కలుపుతారని వినే ఉంటారు. మైనానికీ బూటు పాలిషుకీ వాడే రంగు, తిండిలో నిషేధం. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాసులో ఆ రంగున్న కారం బయటపడితే, ఆ సాసు కలిసిన నాలుగు వందలకు పైగా సరుకుల్ని కొట్లలోంచి వెనక్కి తీయించారు. ఆ కారం వెళ్ళింది మన దేశం నుంచే. ఒక్క కారంపొడితో సముద్రాల అవతల అంత కదలిక తెచ్చారంటే, మనం చిన్న వ్యాపారులమని చిన్నబోవడం దేనికి?

9. లైసెన్సు సంగతి తర్వాత చూద్దాం.

నేను మొదటి బోర్డు కట్టిన రోజుల్లో, ఏడాది అమ్మకం 12 లక్షల లోపుంటే ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్‌కి ఏడాదికి 100 రూపాయలు. వంద! ప్రారంభోత్సవానికి 40 వేలు పెట్టి వచ్చిన మనిషిని వంద రూపాయలు అడగడం అవమానం కాదా? కట్టకండి. లేబుల్ మీద 14 అంకెల నంబరు ఉండాలి కాబట్టి, నచ్చిన 14 అంకెలు వేసేయండి. నేను ఫోన్ నంబరు వేసి చివర నాలుగు సున్నాలు పెట్టాను. అధికారి వచ్చిన రోజు చొక్కా వేసుకోకుండా ఎదురెళ్ళి, "మాది పరిశ్రమ కాదండీ, ఇంట్లోకి పెట్టుకుంటున్నాం" అనండి. వెనకాల పన్నెండు వందల సీసాలున్నా సరే. పెద్ద కుటుంబం అనండి.

10. అమ్మమ్మ ఎవరైనా ఫర్వాలేదు.

లేబుల్ మీద 'అమ్మమ్మ చేతి రుచి' అని తప్పనిసరిగా ఉండాలి. తయారీ నెల, బరువు, చిరునామా లాంటివి చిన్న అక్షరాల్లో, మూత మడతలోకి పోయేలా వేయించండి. అమ్మమ్మ ఫోటో ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మాకు దొరికిన అమ్మమ్మ ముక్కుకి పెద్ద నత్తు, నెత్తి మీద అద్దాల ఓణీ. ఆవిడ రాజస్థాన్ ఆవిడని ఎవరో కనిపెట్టేసరికి ఐదు వేల లేబుళ్ళు అచ్చయిపోయాయి. మా సొంత అమ్మమ్మ ఫోటో హాల్లోనే ఉంది. కానీ ఆవిడ నవ్వదు. ముఖ్యంగా నన్ను చూసినప్పుడు.

ఇంకా దమ్ముంటే ఊరి పేరు కూడా అరువు తెచ్చుకోండి. బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరతరాలుగా చేసి వాళ్ళు పేరు తెచ్చిపెట్టారు, మనకి అచ్చుఖర్చే.

11. నోరు వాడండి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మనకి ఊరితో పనేముంది, ఆన్‌లైన్ వ్యాపారం కదా! ధర ఎక్కువన్నవాళ్ళకి "నీ మొహానికి ఇదే ఎక్కువ" అని జవాబివ్వండి. వాయిస్ మెసేజ్ అయితే ఇంకా మంచిది, పదిమందికి ఫార్వర్డ్ చేసుకోవడానికి వీలుగా ఉంటుంది. సీసా పగిలి వచ్చిందంటే కొరియర్ తప్పు. కొరియర్‌వాణ్ణి అడిగితే ప్యాకింగ్ తప్పంటాడు, అప్పుడు అది ప్యాకింగ్ కుర్రాడి తప్పు. ప్యాకింగ్ కుర్రాడు మీరే అయితే జ్వరం తప్పు.

12. అరువు ధారాళంగా ఇవ్వండి, వసూలుకి మొహమాటపడండి.

కొట్లకి సరుకు పడేసి చిట్టీ కూడా రాయించుకోకుండా వచ్చేయండి. చిన్న సంస్థ సరుకు కొన్నవాడు, ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతుంది. అందుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, బిల్లుండాలి. మనకి రెండూ లేవు కాబట్టి ఎవరితోనూ గొడవ లేదు. మా మొదటి బోర్డు కాలం నాటి బాకీలు పది కొట్లలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

13. ఒకటి కుదరకముందే పది మొదలుపెట్టండి.

ఆవకాయ ముక్క మెత్తబడిందా? దాన్ని బాగుచేస్తూ కూర్చోకండి. కందిపొడి, సున్నుండలు, రాగి మురుకులు, కొర్రల నూడుల్స్ మొదలుపెట్టండి. అమెరికాలో తోడల్లుడి కొడుకున్నాడా? 'డల్లాస్ బ్రాంచి' అని బోర్డు మీద రాయించండి. అక్కడికి తిండి సరుకు పంపాలంటే ముందస్తు నోటీసు ఇవ్వాలట. మనం పంపితే కదా!

14. లిజ్జత్ అప్పడాల కథ చదవకండి.

ఇది చాలా ముఖ్యం. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పుతో డాబా మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. ఆ అప్పు తీర్చేశారు. విరాళాలు వద్దన్నారు. పిండి ఇంటికి పట్టుకెళ్ళి, ఒత్తిన అప్పడాలు మర్నాడు తూచి ఇచ్చి, ఒత్తుడు కూలి తీసుకునే పద్ధతి పెట్టుకున్నారు. లాభనష్టాలు అందరివీ. ఎండీ లేడు, మేనల్లుడు లేడు, కార్డు లేదు. ఇలాంటివి చదివితే రాత్రి నిద్రపట్టదు. ముఖ్యంగా మీ ఆవిడ కంట పడనివ్వకండి.

15. వాస్తు చూపించండి.

అమ్మకాలు పడిపోగానే పుస్తకాలు తెరవకుండా సిద్ధాంతిని పిలవండి. మా షెడ్డులో ఈశాన్యం మూల బరువుందన్నారాయన. అక్కడున్నది చేతులు కడుక్కునే సింకు. పగలగొట్టించి తులసికోట కట్టించాను. గుమ్మానికి బూడిదగుమ్మడి వేలాడదీశాను. అది కుళ్ళి పడే నాటికి మూడో బోర్డు కూడా దించాం. కారణాల జాబితా మాత్రం ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోండి: దిష్టి, జీఎస్టీ, కరోనా, చైనా, బంధువుల ఏడుపు. ఐదింట్లో ఒకటి ఏ ఏడాదికైనా సరిపోతుంది.

16. బోర్డు దించేటప్పుడు మేకులు దాచుకోండి.

మళ్ళీ పనికొస్తాయి. బోర్డు వెనక్కి తిప్పితే కొత్త పేరు రాయించుకోవచ్చు, రేకు ఖర్చు మిగులుతుంది. నాలుగోది నేను ఈ దసరాకి అనుకుంటున్నాను. కార్డులు అచ్చుకిచ్చేశాను.

ఆ పిన్నిగారు మా వీధి చివర తన ఇంటి అరుగు మీదే పచ్చళ్ళు పెట్టుకుంటోంది. బోర్డు లేదు. గోడ మీద సుద్దముక్కతో ఏ రోజు ఏ జాడీ తిరగకలపాలో రాసుకుంటుంది. ఆదివారం పొద్దున వెళితే స్కూటర్లు అడ్డం వచ్చి నడవడానికి దారుండదు. మా ఇంట్లోకి కూడా అక్కడి నుంచే తెప్పిస్తున్నాం, నెలకి అరకిలో. నేను నెలాఖరుకి చూసుకుందామన్నాను. మా ఆవిడ వినలేదు, ఎప్పటికప్పుడు డబ్బిచ్చేసి వస్తోంది.